కమిషనర్ గారూ, మా బొమ్మల గదిలోంచి బ్లీచింగ్ బస్తాలు తీయించండి

మా పట్టణ పురపాలక సంఘం కమిషనర్ గారికి,

నమస్కారం.

ఆఫీసు మొదటి అంతస్తులో కౌన్సిల్ హాలుకి ఎడమపక్కనున్న గది గురించి రాస్తున్నాను. అది ఏ గదో తమరికి తెలుసు. దాని మీద అర్జీ తమ బల్ల మీదికి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తెచ్చింది నేనే. కాబట్టి స్థానిక చిత్రకారులకి గ్యాలరీ ఎందుకు పెట్టారు, తీర్మానం ఎప్పుడు చేశారు, రిబ్బను ఎవరు కత్తిరించారు అన్న పురాణం ఇక్కడ విప్పను. పురాణం కావలసినవాళ్లకి మెట్ల పక్కన శిలాఫలకం ఉంది. దాని మీద పదకొండు పేర్లున్నాయి. బొమ్మ వేసినవాడి పేరు ఒక్కటీ లేదు. (పోనీ ఆ రాయి చెక్కినవాడి పేరైనా అడుగున ఉందేమోనని వంగి చూశాను. అదీ లేదు.)

నేను అడిగేది పెద్ద పని కాదు. ఆ గదిలో వేసిన బ్లీచింగ్ పౌడరు బస్తాలు బయటికి తీయించండి.

మొదటి అర్జీ ఇన్‌వర్డ్‌లో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది, అర్జీ మాత్రం మీ దగ్గర ఉందో లేదో తెలియదు. రెండోది సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. పన్నెండో రోజున సెల్లుకి మెసేజ్ వచ్చింది, నా సమస్య పరిష్కారమైందని. సంతోషంతో చొక్కా మార్చుకుని మరీ వచ్చాను. తలుపు సందులోంచి చూస్తే బస్తాలు అలాగే ఉన్నాయి, పైగా నాలుగు పెరిగాయి. మూడోది సమాచార హక్కు చట్టం కింద పెట్టాను. 2005 నాటి ఆ చట్టం ప్రకారం ముప్ఫై రోజుల్లో సమాధానం రావాలి, వచ్చింది కూడా. ఆ విషయంలో మీ ఆఫీసుకి నా అభినందనలు. బస్తాల వివరాలకి శానిటేషన్ విభాగాన్ని సంప్రదించమని రాశారు. శానిటేషన్ వారు, బస్తాలు మావేగానీ గది ఇంజనీరింగ్ వారిది అన్నారు. ఇంజనీరింగ్ వారు, గది మాదేగానీ తాళం రెవెన్యూ సెక్షన్‌లో ఉంటుంది అన్నారు. రెవెన్యూ సెక్షన్‌లో తాళంచెవి ఉన్న అటెండరు ఆ రోజు సెలవు. మర్నాడు వెళ్తే డిప్యుటేషన్.

అయ్యా, బ్లీచింగ్ పౌడరు గురించి తమరికి నేను చెప్పనక్కర్లేదు. ఊళ్లో విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా కాలవల వెంట చల్లిస్తారు, మంచిదే. పంచె మీద పసుపు మరక పడితే మా ఆవిడ చిటికెడు నీళ్లలో కలిపి నానబెడుతుంది. తెల్లారేసరికి మరక పోతుంది. మరక ఎలా పోయిందో రంగూ అలాగే పోతుంది కదండీ. దానికి ఇది మరక, ఇది బొమ్మ అని తేడా తెలియదు. సంచి మూతి గట్టిగా కట్టి పొడి చోట ఉంచితే కొంత నయం. మీ గదిలో కిటికీ రెక్క ఒకటి ఊడిపోయి రెండు వర్షాకాలాలైంది. జల్లు లోపలికి కొడుతుంది. ప్లాస్టిక్ సంచులకి ఎలకలు బొక్కలు పెట్టాయి. పొడి చెమ్మ పీల్చుకుంటుంది, క్లోరిన్ వదులుతుంది. తలుపు తీస్తే కళ్లు మండుతాయి. ఆ గాలిలో నలభైకి పైగా బొమ్మలు, పగలూ రాత్రీ, తాళం వేసి.

ముందు కలంకారీ సంగతి చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువ బాధపడింది దానికే. అది నాది కాదు. శ్రీకాళహస్తి దగ్గర్నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన అమ్మాయిది. పుట్టింట్లో నేర్చుకున్న పని. గ్యాలరీ పెడుతున్నామని అప్పటి కమిషనర్ గారు కబురు పంపితే, నేనే వాళ్లింటికెళ్లి, "మీరు కూడా ఒకటివ్వండమ్మా, మన ఊరి గోడ" అని అడిగి తెచ్చాను. ఆ పాపం నాది.

ఆ గుడ్డ ఎలా తయారవుతుందో తమరు చూసి ఉండరు. నేనూ అప్పటిదాకా చూడలేదు. బట్టని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. పాలల్లో జిడ్డు ఉంటేనే గీత పాకకుండా నిలుస్తుందట. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి కుండలో రోజుల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. వెదురుపుల్ల కొసకి ఉన్నిగుడ్డ చుట్టి, దారం బిగించి, ఆ కసిమిలో ముంచి నల్లగీత గీస్తారు. ఎర్రరంగు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, వేర్లూ చెక్కలూ వేసి ఉడికిస్తారు. పసుపుకి కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. రంగు రంగుకీ మధ్య పారే నీళ్లలో ఉతుకుడు, ఎండబెట్టుడు. ఆ అమ్మాయి అత్తగారింటి వంట, పిల్లాడి బడి, ట్యూషన్లు అన్నీ చూసుకుంటూ ఆ ఒక్క గుడ్డకి నాలుగు నెలలు తీసుకుంది. చెట్టు కింద వేణువూదే కృష్ణుడు, చుట్టూ ఆవులు.

కిందటి నెల ఎవరో మనవరాలి జనన ధ్రువపత్రం కోసం వస్తే, కంప్యూటరు గది నిండిపోయిందని ఆ తలుపు తీసి కూర్చోబెట్టారట. నాకు ఫోన్ వచ్చింది. పరుగున వచ్చాను. కృష్ణుడు గోడ మీదే ఉన్నాడు, బస్తాలకి సరిగ్గా ఎదురుగా. నీలం కిందనుంచి పైకి ఎగిరిపోతోంది. పాదాలు తెలుపు, పంచె దగ్గర బూడిదరంగు, మొహంలో మాత్రం ఇంకా కొంచెం నీలం. నీలమేఘశ్యాముణ్ణి మీ శానిటేషన్ విభాగం శుభ్రం చేసింది. ఆవులు కూడా తెల్లబడ్డాయి, వాటికి పర్వాలేదనుకోండి.

ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పాలో తమరే సెలవియ్యండి.

రెండోది మా సైన్‌బోర్డు ఆర్టిస్టుది. ఒకప్పుడు ఊళ్లో రెండు సినిమా హాళ్లకీ కటౌట్లు, ప్రతి కొట్టుకీ బోర్డూ ఆయన చేతిమీదుగానే. అక్షరం రాస్తే స్కేలు పెట్టనవసరం లేదు. ఫ్లెక్సీ వచ్చాక ఆటో నడిపాడు, తర్వాత ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్. 2022 ఆగస్టులో విశాఖలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు పాత బ్రష్షులన్నీ కిరసనాయిలులో కడిగి ఎండబెట్టుకున్నాడు పాపం. ఆ నిషేధం ఏమైందో మీ ఆఫీసు గేటు ముందు నిలబడితేనే కనిపిస్తుంది. ఆయన మీకిచ్చింది ప్లైవుడ్ మీద ఎనామిల్‌తో వేసిన పాత బస్టాండు. కిళ్లీకొట్టు, సోడాబండి, ఎర్రబస్సు పైకెక్కి సామాన్లు కడుతున్న కూలీ, అన్నీ ఉన్నాయి. ఎనామిల్ రంగు కాబట్టి అది తట్టుకుంది. మేకు తట్టుకోలేదు. ఆ గాలికి తుప్పు పట్టి విరిగింది. బొమ్మ కింద పడింది. పడ్డదాన్ని ఎవరో లేపి, పక్కకి ఆనించి, దాని ముందు ఒక పాత ఫ్లెక్సీ చుట్ట నిలబెట్టారు. ఇది కావాలని చేసినది కాదని నాకు తెలుసు. కావాలని చేసినా ఇంత బాగా కుదరదు.

నాది కూడా ఒకటుంది, కాలవ మీద లాకుల దగ్గర వేసిన వాటర్‌కలర్. దాని గురించి ఎక్కువ చెప్పను, సొంతడబ్బా అంటారు. కాగితం పెళుసెక్కి అంచుల్లో విరుగుతోంది.

"మాస్టారూ, ఆర్టిస్టులంటే హైదరాబాద్‌లో ఉంటారు కదండీ, ఈ ఊళ్లో ఎవరు చూస్తారు" అని మీ ఆఫీసులోనే ఒకాయన చనువుగా అన్నారు. కోపం రాలేదు, ఆయన చూసిన లోకం అది. కాపు రాజయ్య గారు సిద్దిపేటలోనే ఉండి బొమ్మలు వేశారు. ఏ ఊళ్లో ఉన్నవాడు ఆ ఊరి మనుషుల్నే వేస్తాడు. ఆ మనుషులు వచ్చి చూసుకోవడానికే కదా గది అడిగింది. ఇక ఎవరు చూస్తారంటారా? ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా చేశాను. లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకి నా చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు వెళ్లారో లెక్క లేదు. వాళ్లలో చాలామంది పరీక్ష ప్యాసయ్యేనాటికి గోడకి తగిలించిన అసలు పెయింటింగు ఒక్కటి కూడా చూసి ఉండరు. పుస్తకంలో అచ్చయిన అగ్గిపెట్టంత బొమ్మ చూసి షేడింగు నేర్చుకున్నారు.

ఒకసారి సొంత డబ్బులతో ఎనిమిదో తరగతి పిల్లల్ని రాజమండ్రి తీసుకెళ్లాను, దామెర్ల రామారావు చిత్రశాలకి. గోదావరి గట్టు, వంతెన అన్నీ చూపించి చివర్లో అక్కడికి తీసుకెళ్తే, వంతెన దగ్గర ఆగని పిల్లలు అక్కడ ఆగారు. ఒకడు బొమ్మకి జానెడు దూరంలోకి వెళ్లి, "సార్, ఇక్కడ బ్రష్ పోగు అంటుకుపోయింది సార్" అన్నాడు. వందేళ్ల కిందటి మనిషి చెయ్యి అక్కడ కదిలిందని వాడికి అప్పుడు తెలిసింది. పుస్తకంలో ఆ పోగు కనపడదు.

రామారావు గారు 1925లో మశూచితో పోయారు. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన బొమ్మలు ఇవాళ మనకి మిగిలాయంటే భార్య సత్యవాణి గారు, మిత్రుడు వరదా వెంకటరత్నం గారు కడుపులో పెట్టుకుని దాచబట్టి. అసలు ఆయన్ని కుర్రతనంలో గుర్తుపట్టి చేరదీసింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర. ఆయన ప్రోత్సాహంతోనే బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లారు. కూల్డ్రే గారి జాబ్‌చార్టులో 'బొమ్మలు వేసే కుర్రాళ్లని కనిపెట్టుట' అన్న అంశం ఉండి ఉంటుందని నేననుకోను. తమ జాబ్‌చార్టులోనూ లేదని తెలుసు. తమరిని ఎవర్నీ కనిపెట్టమనడం లేదు. కనిపెట్టడం అయిపోయింది, బొమ్మలు గోడకెక్కడం కూడా అయిపోయింది. బస్తాలు తీయించమంటున్నానంతే.

తమరి ఇబ్బందులు నాకు తెలియనివి కావు. నీటిపన్ను వసూళ్లు, కుక్కల బెడద, ప్రతివారం వీడియో కాన్ఫరెన్సు, మధ్యలో నాలాంటివాడు. తమరు మా ఊరొచ్చి ఏడాది కాలేదు. గ్యాలరీ మొదలయ్యాక తమరు నాలుగో కమిషనర్. మొదటాయన రోజూ సాయంత్రం వెళ్లేముందు ఒకసారి గదిలోకి తొంగిచూసేవారు. రెండో ఆయన జనవరి 26కి, అక్టోబరు 2కి తెరిపించేవారు, అదీ నయమే. మూడో ఆయన వేళ కరోనా వచ్చింది, బస్తాలు అప్పుడు లోపలికొచ్చాయి, అప్పట్లో మేమూ నోరెత్తలేదు. ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే బొమ్మలంటామా? "నెల రోజులు మాస్టారూ" అన్నారు. కరోనా వెళ్లిపోయింది. మాస్కులు వెళ్లిపోయాయి. క్వారంటైన్ మంచాలు కూడా వెళ్లిపోయాయి, ఎటు వెళ్లాయో నేనడగను. బస్తాలు మాత్రం ఉన్నాయి. పాతవి ఖర్చయి కొత్తవి వస్తున్నాయి. గది గోడౌన్‌గా ఖాయమైనట్టుంది, తీర్మానం లేకుండానే.

ఏం కావాలో స్పష్టంగా చెప్పమని మీ మేనేజర్ గారు అన్నారు. బస్తాలు తీయాలి. కిటికీ రెక్క పెట్టించాలి. వారానికి ఒక్కరోజైనా, ఆదివారమైనా సరే, తలుపు తీయాలి. వీలైతే దీపాలు కూడా, కానీ దీపాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు బస్తాలు. అవి పెట్టడానికి వేరే చోటు లేదంటారేమో, కింద సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డు ఖాళీగా ఉంది, నేను స్వయంగా చూశాను, అందులో పాడైపోయిన ఫాగింగ్ మెషిన్ ఒక్కటే ఉంది. మనుషులు లేరంటే, మేము మోస్తాం. నాకు అరవై ఏడు, సైన్‌బోర్డాయనకి అరవై పైనే, అయినా మోస్తాం. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు ఇద్దరున్నారు, వాళ్ల బొమ్మలు కూడా లోపలే ఉన్నాయి.

ఇవేవీ కుదరవంటే మా బొమ్మలు మాకిచ్చేయండి. 'ప్రదర్శన నిమిత్తం స్వీకరించడమైనది' అని మీ ఆఫీసు ముద్రతో ఒక్కొక్కరికీ రసీదిచ్చారు, ఆ రసీదులన్నీ నా దగ్గరున్నాయి. స్వీకరించింది ప్రదర్శన నిమిత్తం. నిల్వ నిమిత్తం కాదు.

వచ్చే శనివారం పొద్దున్న పదింటికి మేం ఆరుగురం వచ్చి మెట్ల దగ్గర నిలబడతాం. నినాదాలుండవు, ఫ్లెక్సీ కూడా ఉండదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, ఆ రోజు ఆయనకి సెలవు ఇవ్వకండి. కలంకారీ అమ్మాయి కూడా వస్తానంటోంది. ఆమె లోపలికి వెళ్లేసరికి కనీసం ఆ గోడ ముందున్న బస్తాలైనా పక్కకి జరిపించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు
(పేరు, చిరునామా, ఫోన్ నంబరు మూడు అర్జీల మీదా ఉన్నాయి)