కార్యదర్శి వార్షిక నివేదిక, 2025-26

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఆదివారం నిద్ర మానుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. మన కాలనీ సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ చదవను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మన సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చినప్పుడు ఏ ఇంట్లో మంచం దిగలేని పెద్దవాళ్ళున్నారో, ఎవరి మేడ మీదికి వెళ్ళొచ్చో మనకు సరిగ్గా తెలియదు. తర్వాత డ్రోన్లు ఆహార పొట్లాలు తెచ్చాయి, ఫైరింజన్లు ఇళ్ళలో బురద కడిగాయి. మొదటి రాత్రి మాత్రం పక్కింటివాళ్ళే దిక్కు. అందుకే నిరుటి సమావేశంలో మేడల జాబితా రాయాలని తీర్మానించాం. రాశాం.

రాశాం అంటున్నాను గానీ, నిజానికి రాసింది డ్వాక్రా సంఘాల అక్కలు. సాయంత్రం వంటలు ముగించుకుని ఇంటింటికీ తిరిగారు. లోను కిస్తీల లెక్కలు రాసి రాసి అలవాటైన చేతులు, ఒక్క గడి ఖాళీ లేదు. అద్దెకున్నవాళ్ళ పేర్లు మన రిజిస్టర్లో లేవని పట్టుకున్నదీ వాళ్ళే. మన సభ్యత్వం సొంతిల్లున్నవాళ్ళకే. కింది వాటాల్లో మునిగినవాళ్ళలో ఎక్కువమంది అద్దెవాళ్ళు. ఇది మనకు తట్టకపోవడం సిగ్గుచేటు.

మున్సిపల్ హైస్కూలు పిల్లలు గోడల మీది నీటి మరకల ఎత్తు టేపుతో కొలిచి పటం గీశారు. ఒకే వీధిలో ఈ చివర మోకాలి లోతు, ఆ చివర నిలువు లోతు. మనం తాళ్ళు, టార్చిలైట్లు దాచుకున్న గది సరిగ్గా పల్లంలో ఉందని ఆ పటం చూశాకే తెలిసింది. ఇప్పుడు అవన్నీ కమ్యూనిటీ హాలు మేడ మీద ఉన్నాయి.

ఆగస్టు 31 ఆదివారం, మళ్ళీ వరదొస్తే అందరినీ మేడలెక్కించడానికి రిహార్సల్ చేశాం. వినాయకుడి పందిరి కుర్రాళ్ళు పాటలు ఆపి మైకు ఇచ్చారు. ఆటోస్టాండ్ సోదరులు కిరాయిలు వదులుకుని వచ్చారు. ఒక మామ్మగారిని కుర్చీలో మేడ ఎక్కిస్తే, ‘ఇక్కడ గాలి బాగుందర్రా, ఇప్పుడే దించకండి’ అన్నారు. ఈ ఏడాది నాకు దక్కిన మంచి సర్టిఫికెట్ అదే.

ఇక చెప్పక తప్పని సంగతి. వాలంటీర్లం అని పేరు రాయించుకున్నవాళ్ళలో సగం మంది వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఊరుకున్నారు. ఆ వేలితో కుర్చీ లేవదు కదా! కాలువ పూడిక కోసం ఒక ఆఫీసుకు ఐదు అర్జీలు పెట్టాం. ప్రతిసారీ సారు మీటింగులోనే ఉన్నారు. పూడిక అలాగే ఉంది. మబ్బు పడితే నాకు టెన్షన్.

జమాఖర్చులు కోశాధికారి గారు పంచిన కాగితంలో ఉన్నాయి, ఆడిట్ అయింది. టెంటు బిల్లు ఒకటి బాకీ, వచ్చే నెల తీర్చేస్తాం.

అక్కలకు, వాళ్ళను కూడగట్టిన ఆర్‌పీ (రిసోర్స్ పర్సన్) గారికి, హెడ్మాస్టారికి, పిల్లలకు, ఆటోస్టాండ్‌కు, పందిరి కుర్రాళ్ళకు, టీ ఖర్చు తీసుకోని మూల మీది హోటల్ బాబాయికి, మేడ తాళంచెవి రెండోది మనకిచ్చిన ఇళ్ళవాళ్ళందరికీ కృతజ్ఞతలు. పేరు మరిచిపోతే మన్నించండి, ఫోన్ చేసి తిట్టినా పర్వాలేదు.

ఫోన్ నంబరు మారినవాళ్ళు వెళ్ళేముందు జాబితాలో దిద్దించండి. అద్దెకున్నవాళ్ళకు సభ్యత్వం ఇచ్చే తీర్మానం మీద భోజనాలకు ముందే చేతులెత్తాలి. తిన్నాక ఎవరూ ఉండరు.

ఇట్లు,
కార్యదర్శి