‘మంజి’ నేరుగా జపనీస్ నుంచే తెలుగులోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

జపాన్ నవలాకారుడు జునిచిరో తానిజాకి 1965 జూలై 30న చనిపోయారు. మన కాపీరైట్ చట్టం పెట్టిన 60 ఏళ్ల గడువు కూడా 2025 డిసెంబర్ 31తో తీరిపోయింది. జపాన్‌లో ఆయన రచనలపై హక్కులు 2016 నుంచే లేవు. ఇక ఆయన మూల రచనలను తెలుగు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన ప్రచురణకర్తలు, సాహిత్య సంస్థలు ముందుగా ‘మంజి’ నవలను చేపట్టాలని, అదీ ఇంగ్లీషు మీదుగా కాకుండా జపనీస్ నుంచే చేయించాలని కోరుతున్నాను.

‘కైజో’ పత్రికలో 1928 నుంచి 1930 దాకా ధారావాహికగా వచ్చిన నవల ఇది. సొనోకో ఒసాకాలో ఒక లాయరు భార్య. చిత్రకళ నేర్చుకోవడానికి వెళ్లి, కన్నొన్ అనే బౌద్ధ కరుణా దేవత బొమ్మ వేస్తుంది. ఎదురుగా మోడల్ ఉన్నా బొమ్మలోని ముఖం ఆమెది కాదు, అదే బడిలో చదివే మిత్సుకోది. ఆ మోహంలోకి మిత్సుకో రహస్య ప్రియుడు వతనుకి వస్తాడు, చివరికి సొనోకో భర్తా వచ్చి పడతాడు. లేని గర్భం, నెత్తురు సాక్షిగా చేసుకున్న ఒప్పందం, రాత్రిపూట మింగించే నిద్రమందు. ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో చివరి పేజీలో కూడా తేలదు. మంజి అంటే బౌద్ధుల స్వస్తికం. దాని నాలుగు చేతులే ఈ నలుగురు. ఇంగ్లీషులో ఊబి అన్న అర్థమిచ్చే పేరు పెట్టారు. గుమ్మానికి కుంకుమతో స్వస్తికం దిద్దుకునే మనకు ఆ మార్పుతో పనేముంది?

అసలు విషయం భాష. అంతా అయిపోయాక సొనోకో ఒక రచయిత ఎదుట కూర్చుని, ఒసాకా ఆడవాళ్ల యాసలో కథ చెబుతుంది. తానిజాకి టోక్యోలో పుట్టినవాడు. 1923 భూకంపం తర్వాత ఒసాకా ప్రాంతానికి వచ్చి స్థిరపడి, ఆ ఊరి యువతుల సాయం తీసుకుని మరీ ఈ యాసను పట్టుకున్నాడు.

మా వారి ఉద్యోగరీత్యా నేను ఆరేళ్లు ఒసాకాలో ఉన్నాను. నవలను మొదట ఇంగ్లీషులో చదివినప్పుడు సొనోకో చదువుకున్న, నెమ్మదస్తురాలైన ఇల్లాలిగా కనిపించింది. తర్వాత మా పక్కింటి పెద్దావిడ మొదటి పేజీలు పైకి చదివి వినిపించారు. టోక్యోలో ‘దమే’ (కూడదు) అంటే ఒసాకాలో ‘అకన్’, అక్కడి ‘హొంతో’ (నిజం) ఇక్కడ ‘హొన్మా’. మా వీధి చేపల కొట్టు దగ్గర రోజూ వినే మాటలే. వాక్యం తెగదు, పక్కదారి పడుతుంది, బతిమాలుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ఆ మాట తీపికి కరిగిపోయి, ఈమె మన దగ్గర ఏం దాస్తోందని అడగడమే మరిచిపోయాను. పాఠకుడు మోసపోయేది అక్కడే. ఇంగ్లీషులో అది నాకు వినపడలేదు. పైగా ఆ ఇంగ్లీషు అనువాదం 1990ల నాటిది, దాని హక్కులు ఇంకా ఉన్నాయి. కాబట్టి దాని నుంచి తెలుగు చేస్తే అనుమతికి అనుమతీ కావాలి, యాసకు యాసా పోతుంది.

తెలుగులో సొనోకో ఏ యాసలో మాట్లాడాలి? నా చెవికి గోదావరి జిల్లాల ఇల్లాళ్ల మాట దగ్గరగా తోస్తుంది. కరీంనగర్ మాటలో చేస్తామని ఎవరైనా అంటే అదీ సంతోషమే. పత్రికల భాషలో మాత్రం చేయవద్దు.

ఇద్దరు స్త్రీల మధ్య మోహం కథ కదా అని కొందరు జంకవచ్చు. చలాన్ని చదివిన పాఠకులం మనం, ఆ జంకు అనవసరం. డబ్బు మాట నిజమైన అడ్డంకి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేయగలిగారంటే, వారిని జీతమిచ్చి కూర్చోబెట్టిన సంస్థ ఒకటి ఉండేది. ఇప్పుడు జపనీస్ నేర్చిన మన పిల్లలు ఎందరో ఉన్నారు, కానీ పేజీకి ఇంత అని ఇచ్చే చిల్లరకు వాళ్లెవరూ ఉద్యోగం వదిలి రారు. ఏదైనా విశ్వవిద్యాలయమో అకాడమీయో అలాంటి ఒకరికి, యాస మీద పట్టున్న ఒక తెలుగు రచయిత్రికి కలిపి ఏడాదిపాటు వేతనం ఇస్తే ఈ పని అవుతుంది.

ఆ పక్కింటావిడ ఇచ్చిన ప్రతి నా దగ్గరే ఉంది. అంచుల్లో యాస మాటలకు పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకున్నాను. ఎవరు చేపట్టినా ఇచ్చేస్తాను.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం