పంచాయతీ దాకా వచ్చిన ఫైబర్ ఇంటికి ఎప్పుడు వస్తుంది?

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఫైబర్ కేబుల్‌తో పల్లెలకు ఇంటర్నెట్ అందించే భారత్‌నెట్ పథకం ప్రగతిని ప్రభుత్వం పంచాయతీల లెక్కలో చెబుతోంది. 2 లక్షలకు పైగా గ్రామ పంచాయతీలు సేవలకు సిద్ధమయ్యాయంటోంది. సంతోషమే. కానీ పరికరాలన్నీ పంచాయతీ కార్యాలయంలో బిగించి తాళం వేస్తే, ఆ ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయికి ఒరిగేదేమిటి?

నగరంలో ఒక్క అపార్ట్‌మెంట్ కోసం నాలుగు కంపెనీలు పోటీపడతాయి. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీ గూడేల్లో ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, పెట్టుబడి గిట్టదు కాబట్టి అవి అటు తొంగిచూడవు. ఆ లోటు పూడ్చడానికే కదా 2011లో ఈ పథకానికి ఆమోదం తెలిపారు! అందరి దగ్గరా ఫోన్లున్నాయని మీ అధికారులు అనవచ్చు. ఎన్నో ఇళ్లలో ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే తండ్రి వెంట పొలానికి వెళ్లిపోతుంది. అది ఇంటికి తిరిగొచ్చాక మిగిలిన డేటాతో పిల్లలు ఎన్ని పాఠాలు చూడగలరు? డిగ్రీ ప్రవేశాల నుంచి స్కాలర్‌షిప్పుల దాకా అన్నీ ఆన్‌లైన్‌లోకి మార్చిన ప్రభుత్వాలకు ఈ పిల్లల ఇంటికి లైను వేసే బాధ్యత లేదా?

ఇది వాళ్లు దయతో ఇమ్మని అడిగేది కాదు. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం, పల్లెల్లో టెలికాం సేవల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ భారత్ నిధికి వెళ్తుంది. ఆ ఆదాయంలో గూడెంలోని కూలీ చేయించుకున్న రీఛార్జి సొమ్ము కూడా ఉంది. ఆయన కట్టిన డబ్బు ఆయన ఇంటికి ఫైబరై రావాలి.

2023 ఆగస్టులో కేబినెట్ రూ.1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్ పథకాన్ని ఆమోదించింది. అయిదేళ్లలో 1.5 కోట్ల గ్రామీణ ఇళ్లకు కనెక్షన్లు ఇస్తామంది. ఒకచోట కేబుల్ తెగితే ఆవలి ఊళ్లన్నీ ఆగిపోయే పాత పద్ధతి మాని, రెండు వైపుల నుంచీ సిగ్నల్ అందే రింగ్ పద్ధతి తెస్తామంది. మంచి నిర్ణయమే. అందుకే దాన్ని ఇంటి గడపల లెక్కలో చూపమంటున్నాను.

ప్రతి గ్రామంలో పనిచేస్తున్న ఇంటి కనెక్షన్లు ఎన్ని, నెలలో ఎన్ని రోజులు సేవ ఆగింది, తెగిన కేబుల్‌ను ఎన్నాళ్లకు అతికారు — ఈ మూడు వివరాలనూ నెలనెలా ప్రజల ముందు పెట్టండి. కొత్త కనెక్షన్లలో ఏజెన్సీ మండలాలకు తొలి ప్రాధాన్యం ఇస్తూ, ఏ మండలానికి ఏ తేదీలోగా ఇస్తారో ప్రకటించండి.

భవదీయుడు,
ఒక పౌరుడు