వంటల పేజీలో పచ్చిపులుసుకు కూడా కాస్త చోటివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే వంటల పేజీ గురించి రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మొన్న బేక్డ్ మొక్కజొన్న చీజ్ కప్పులు చూశాక ఇక ఆగలేకపోయాను. ఓవెన్ ముందుగా వేడి చేసి పెట్టుకోవాలట. మా వీధిలో ఎవరింట్లో ఓవెన్ ఉందో నాకు తెలుసు, ఉన్న ఒకరిద్దరు కూడా దాని మీద పాత పేపర్లు పెట్టుకున్నారు. ఆ పక్కనే ఇంకో వంటకానికి ఆలివ్ నూనె, పర్మేసన్ చీజ్, ఎండు రోజ్‌మేరీ కావాలన్నారు. ఫొటో బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ ఆ పేజీ కత్తిరించి దాచుకున్న మనిషి సోమవారం సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి, ఫ్రిజ్‌లో రెండు వంకాయలు, అరకట్ట తోటకూర తప్ప ఏమీ లేకపోతే ఏం వండుకోవాలండీ?

నేను అడిగేది ఒకటే. వంట గురించి రాస్తే వండేవాళ్లకూ తినేవాళ్లకూ అక్కరకొచ్చేలా రాయండి, ఫొటోగ్రాఫర్ కోసం కాదు.

మాది హనుమకొండ, మా అత్తగారిది అమలాపురం వైపు. ఒకే పొయ్యి మీద రెండు ప్రాంతాల వంట నడుస్తుంది కాబట్టి మా ఇంట్లో తిండి గురించి మాటలు ఎక్కువ. ఎండలు ముదిరాయంటే నేను పచ్చిపులుసు అంటాను, అత్తయ్య మజ్జిగ పులుసు అంటారు. కొత్తలో ఆవిడ "కాచకుండా పులుసేంటే అమ్మాయ్, జలుబు చేయదూ" అని గిన్నె వైపు కూడా చూసేవారు కాదు. ఇప్పుడు ముద్దపప్పు వండిన రోజు ఆవిడే ముందుగా చింతపండు నానేస్తారు.

తెలియనివాళ్ల కోసం ఇక్కడే రాసేస్తాను. నలుగురికి నిమ్మకాయంత చింతపండు చాలు. గోరువెచ్చని నీళ్లలో నానేసి, పిసికి పిప్పి తీసేసి, మొత్తం నాలుగు గ్లాసులయ్యేలా నీళ్లు కలుపుకోవాలి. ఒక పెద్ద ఉల్లిగడ్డను సన్నగా తరిగి అందులో ఉప్పు, జీలకర్ర వేసి చేత్తో గట్టిగా పిసకాలి. కిటుకంతా ఈ పిసకడంలోనే ఉంది, ఉల్లిగడ్డ నీరు వదిలి మెత్తబడాలి, చెంచాతో తిప్పితే ఆ రుచి రాదు. రెండు మూడు పచ్చిమిరపకాయలను పట్టకారుతో పట్టుకుని మంట మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి (ముందు చిన్న గాటు పెట్టండి, లేకపోతే టప్పున పేలి గింజలు మొహం మీద పడతాయి) అందులోనే నలిపేయాలి. చిటికెడు బెల్లం, కొత్తిమీర, వేయించి పొడి కొట్టిన నువ్వులు రెండు చెంచాలు, పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. పులుసు పొయ్యి ఎక్కే పనే లేదు. కుక్కర్‌లో అన్నం, పప్పు ఉడికేలోగా అయిపోతుంది, పక్కన రెండు అప్పడాలు కాల్చుకుంటే ఆ పూటకి ఇంకేం అక్కర్లేదు.

ఇలాంటివి మీ పేజీలో ఎందుకు రావు? అందరికీ తెలిసినవే కదా అనుకుంటున్నారేమో. అందరికీ తెలియవండీ. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు, వాడికి శనివారం పొద్దున అంటే మనకు రాత్రి భోజనాల వేళ, సరిగ్గా అప్పుడే వీడియో కాల్ చేసి "పిన్నీ, పప్పుచారుకి పులుసు ముందు పోయాలా, పప్పు ఉడికాక పోయాలా" అని అడుగుతాడు. ఇంటర్నెట్‌లో వెతకడం రాక కాదు, ఆ వీడియోల్లో మొదటి ఐదు నిమిషాలు హాయ్ ఫ్రెండ్స్‌తోనే గడిచిపోతాయి, ఈలోపు వీడి పోపు మాడిపోతుంది. పులుపు తగిలిన పప్పు తొందరగా మెత్తబడదు కాబట్టి ముందు పప్పు ఉడికించుకో, ఆ తర్వాతే పులుసు పోసుకో అని చెప్పాను. ఈ ఒక్క ముక్క అచ్చులో ఉంటే హైదరాబాద్ హాస్టళ్ల నుంచి బయటపడి గదులు తీసుకున్న పిల్లలు ఎంతమందికి పనికొస్తుందో ఆలోచించండి. 2022లో తాండూరు కందికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకని ఇచ్చే భౌగోళిక సూచిక) వచ్చిందని వార్తలు చదివి సంతోషించాం, బాగుంది, కానీ కందిపప్పుతో రోజుకో రకం ఎలా వండుకోవచ్చో, ఒకరోజు దోసకాయ, ఒకరోజు గోంగూర, ఒకరోజు మామిడికాయ, ఎండాకాలం మొదట్లో చింతచిగురు, వానలు పడ్డాక వాక్కాయ, ఇలా వరసగా ఏ ఆదివారం వేశారు?

రెండో ఫిర్యాదు కొలతల గురించి. "తగినంత నీరు", "సరిపడా ఉప్పు", "పాకం వచ్చేదాకా". తగినంత ఎంతో తెలిసినవాళ్లు మీ పేజీ చూడరు కదా! మా అత్తయ్య కూడా ఈ విషయంలో తక్కువేమీ కాదు, ఏది అడిగినా "కంటికే తెలుస్తుంది" అంటారు. ఆవిడ ఉప్పుడుపిండి చేస్తుంటే పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడి, ఆవిడ గుప్పిట్లోంచి గిన్నెలో పడబోయే ప్రతిదాన్నీ ముందు గ్లాసులో పోయించి కొలిచాను. ఆవిడకి చిరాకు, నాకు నవ్వు. గ్లాసు బియ్యం రవ్వకి గుప్పెడు పెసరపప్పు, రెండు గ్లాసుల నీళ్లు, మందపాటి గిన్నె, పోపు వేగాక నీళ్లు మరిగించి రవ్వ పోయాలి, తర్వాత సన్న సెగ మీద మూతపెట్టి వదిలేయాలి. మధ్యలో కదపకూడదు, కదిపితే అడుగున ఎర్రటి చెక్క కట్టదు. మా ఇంట్లో తగువంతా ఆ చెక్క ఎవరికనే.

మా వైపు సర్వపిండికీ ఇదే కథ. కోస్తాలో తపాలచెక్క అంటే తెలుస్తుంది. రెండు గ్లాసుల బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గోరువెచ్చని నీళ్లతో మెత్తగా కలపడం వరకు అందరూ చెప్తారు. చెప్పనిదేంటంటే, గిన్నె చల్లగా ఉన్నప్పుడే లోపల నూనె రాసి పిండి అంచులదాకా అద్దాలి, వేడి గిన్నెలో చేయి కాలుతుంది, పిండీ అంటుకోదు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ఒక్కోదాంట్లో కొంచెం నూనె వేసి మూతపెట్టి సన్న సెగ మీద వదిలితే కరకరలాడుతూ వస్తుంది. రెండోది వేయాలంటే గిన్నె చల్లారేదాకా ఆగాలి. అందుకే మా అమ్మ రెండు గిన్నెలు పెట్టుకుంటుంది, ఒకటి పొయ్యి మీద ఉండగా ఇంకొకటి నీళ్లతో కడిగి చల్లార్చుకుంటుంది. ఎనిమిది ఫొటోలు వేసే చోట ఈ రెండు గిన్నెల సంగతి రాస్తే చాలు. నిమ్మకాయ పులిహోరకి పొయ్యి ఆపాకే రసం పిండాలి, మంట మీద పిండితే చేదొస్తుంది, ఇలాంటివన్నీ మీ పాఠకుల దగ్గర బోలెడున్నాయి, అడగడమే ఆలస్యం.

ఆరోగ్యం మాట కూడా ఎత్తుతాను, క్లుప్తంగానే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దని చెప్పింది. మీ పేజీ పైభాగంలో బీపీకి ఏం తినాలో డాక్టరు గారు చెప్తారు, కిందిభాగంలో సోయా సాస్, కెచప్, చీజ్ కలిపి ఆ పైన మళ్లీ తగినంత ఉప్పు! మన ఆవకాయలో మాత్రం ఉప్పు తక్కువా అంటారా, తక్కువేం కాదు, కాకపోతే ఆవకాయని ఎవరూ గిన్నెడు తినరు.

ఇక బయట తిండి. బయట తినొద్దని నేను అనను, నెలకోసారి అయినా పొయ్యి ఆపేస్తేనే వండేవాళ్లకు ఊపిరాడుతుంది. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం, ఇంట్లో కుదరనిదే బయట తినాలి. హలీం ఇంట్లో ఎవరు చేస్తారు చెప్పండి, గోధుమ, మాంసం గంటలకొద్దీ ఉడుకుతుంటే కర్రతో కొడుతూనే ఉండాలి. 2010లో జీఐ వచ్చిన ఆ హైదరాబాద్ హలీం భట్టీ దగ్గర తింటేనే తిన్నట్టు. అంకాపూర్ నాటుకోడి ఆ ఊరెళ్లి, అక్కడ వండించుకునే తినాలి. కాకినాడ వెళ్తే సుబ్బయ్య హోటల్ బుట్ట భోజనం, విజయవాడలో దిగితే బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ, కర్నూలు వైపు పొద్దున్నే బొరుగుల ఉగ్గాణి, పక్కన మిరపకాయ బజ్జీ. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ వచ్చింది, బోర్లించిన వేడి కుండ మీద పల్చటి పిండి నీళ్లలో ముంచిన గుడ్డ అలా పరిచి ఇలా తీసేలోగా రేకు తయారవుతుంది. అత్తయ్యతో వెళ్లినప్పుడు దగ్గర నిలబడి చూశాను, చేసే ఆవిడ మాతో కబుర్లు చెప్తూనే ఉంది, చేయి మాత్రం ఆగలేదు, ఆ సెగకి మేమే రెండడుగులు వెనక్కి జరిగాం. మనవల్ల అయ్యే పనేనా అది!

మీ పత్రికలో హోటళ్ల గురించి వచ్చే రాతల్లో ఇవేవీ ఉండవు. లైట్లు ఎలా ఉన్నాయి, సోఫాలు ఏ రంగు, ఏ సినిమావాళ్లు వచ్చి ఫొటో దిగారు, అంతే. భోజనంలో ఇచ్చిన పచ్చడి ఆ పూట నూరిందా, డబ్బాలోదా? పప్పు ఎన్నిసార్లు వడ్డించారు? ముసలివాళ్లు ఎక్కగలిగే మెట్లేనా? బిల్లు ఎంతైంది? నలుగురు వెళ్లాలనుకునే కుటుంబానికి కావాల్సినవి ఇవి. హైదరాబాద్‌లో ఒక పెద్ద రెస్టారెంట్‌లో మాకు బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జీ కలిపి ఇచ్చారు, తీసేయమంటే మేనేజరు "అందరూ కడతారు మేడమ్" అన్నాడు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే హోటళ్లు దీన్ని వాటంతట అవి బిల్లులో కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. మా ఆయన "పోనీలే, పిల్లల ముందు గొడవెందుకు" అన్నారు గానీ నేను ఫోన్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నొక్కబోతుంటే ఛార్జీ తీసేసిన కొత్త బిల్లు వచ్చింది. వడ్డించిన కుర్రాడికి ఆ డబ్బులో కొంత చేతికే ఇచ్చి వచ్చాం. ఈ నంబరు మీ హోటళ్ల కాలమ్ కింద ప్రతివారం వేయండి, ఒక లైనే కదా పట్టేది.

స్విగ్గీ, జొమాటోల గురించి మళ్లీ తీరిగ్గా రాస్తాను. వానపడే రాత్రి ఆర్డర్ పెట్టి, తడిసి వచ్చిన అబ్బాయికి ఒక్క స్టార్ తక్కువ ఇచ్చేవాళ్ల గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

ప్రస్తుతానికి ఒక చిన్న కోరిక. వంటల పేజీలో ఒక మూల పాఠకులకి వదిలేయండి. ఊరి పేరు రాయాలి, కొలతలు గ్లాసుల్లో ఉండాలి, బజార్లో ఆ వారం దొరికే కూరగాయే అయ్యుండాలి, అరగంటలో అయిపోవాలి. ఫొటో లేకపోయినా పర్లేదు. మొదట కోనసీమ వాళ్లని పనసపొట్టు కూర రాయమనండి, ఆవ ముద్ద ఎంత వేయాలో, కూర దించాక ఎంతసేపటికి కలపాలో స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఆ ఒక్క కూర దగ్గర మాత్రం మా అత్తయ్య గ్లాసుతో సహా నన్ను వంటింట్లోంచి బయటికి పంపేస్తారు. బదులుగా నేను సకినాల పిండి కొలత పంపిస్తాను, బియ్యం ఎంతసేపు నానాలో, నువ్వులు, వాము ఎంతెంతో అన్నీ రాసి. కాకపోతే దాన్ని సంక్రాంతికి కనీసం రెండు వారాల ముందు వేయండి, పండగ రోజు వేస్తే ఎవరికీ పనికిరాదు.

ఇట్లు
ఒక పాఠకురాలు, హనుమకొండ