వార్షిక నివేదిక: స్పెక్ట్రమ్ తెర మీద 'అమ్మ'

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది శనివారం తెలుగు బడి పిల్లలు చేసిన పని గురించి.

మన సభ్యులొకరు, ఇక్కడే బ్రిటన్‌లో పుట్టి పెరిగినవారు, తన చిన్ననాటి 48కె (48 కిలోబైట్ల మెమరీ ఉన్న) జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను బడికి ఇచ్చారు. సింక్లెయిర్ వాళ్లు 1982లో తెచ్చిన రబ్బరు మీటల కంప్యూటర్ అది. అందులో 21 గుర్తుల్ని మనకు నచ్చినట్టు గీసుకోవచ్చు. ఒక్కో గుర్తుకు ఒక గడి, గడికి 8×8 చుక్కలే. 'అ' ఒక గడిలో ఇమడదు, నాలుగు కావాలి. పిల్లలు గళ్ల కాగితం మీద చుక్కలు లెక్కపెట్టుకుంటూ 'అమ్మ' గీశారు. ఎనిమిది గడులు పట్టింది. తీరా టీవీలో చూస్తే 'మ్మ' కింద ఒత్తు ఉత్త నల్లమచ్చ. పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

తప్పు వాళ్ల గీతది కాదు. స్పెక్ట్రమ్ బొమ్మను కాంపోజిట్ (వెలుగు, రంగు కలిసిపోయిన ఒకే) సిగ్నల్‌గా తయారుచేశాక, లోపలున్న మాడ్యులేటర్ డబ్బా దాన్ని టీవీ ప్రసారంలాగా యూహెచ్ఎఫ్ అనే టీవీ తరంగాల్లో 36వ ఛానల్ మీదికి ఎక్కిస్తుంది. టీవీలోని ట్యూనర్ మళ్లీ దించుకుంటుంది. ఎక్కి దిగే ఈ ప్రయాణంలోనే బొమ్మ మసకబారుతుంది. అందుకని మాడ్యులేటర్‌కు కరెంటు ఇచ్చే తీగను, టీవీ తీగ పెట్టే సాకెట్ మధ్య పిన్నుకు వెళ్లే రెసిస్టర్‌ను విడదీశాం. వీడియో తీగను 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా నేరుగా అదే సాకెట్‌కు కలిపాం. కేసుకు కొత్త రంధ్రం పెట్టలేదు, కావాలంటే మళ్లీ పాత పద్ధతికి మార్చుకోవచ్చు. పాత వస్తువు మీద చెయ్యి వేసేటప్పుడు ఈ జాగ్రత్త ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మూత తీసేటప్పుడు మీటల కింది కీబోర్డు పొరను బోర్డుకు కలిపే పట్టీ (తోక) విరిగింది. ఇన్నేళ్లకు అవి పెళుసెక్కి ఉంటాయి. కొత్త పొరలు ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి ఒకటి కొని వేశాం. ఇంకో మాట: దీని 9 వోల్టుల అడాప్టర్ పిన్నులో మధ్యభాగం నెగటివ్. ఇంట్లో దొరికిన అడాప్టర్ ఏదో ఒకటి పెట్టేయకండి, బోర్డు పాడవుతుంది.

ఇప్పుడు తెల్లటి తెర మీద నల్లటి 'అమ్మ' ఒత్తుతో సహా చక్కగా కనిపిస్తోంది. రంగు మీద రంగు వేస్తే మాత్రం అంచులు ఇంకా పాకుతున్నట్టు కదులుతాయి. రంగుకు ఒక క్రిస్టల్ (వేగాన్ని నడిపే గడియారం లాంటి భాగం), చుక్కలకు ఇంకో క్రిస్టల్ ఉండి, రెండింటికీ లంకె లేకపోవడమే కారణం. వెనక బోర్డు అంచునున్న ఎడ్జ్ కనెక్టర్‌లో వెలుగు, రంగు సిగ్నళ్లు విడివిడిగా దొరుకుతాయి. వాటి నుంచి ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడి సిగ్నళ్లు) తీసే చిన్న బోర్డును వచ్చే ఏడాది పిల్లలతోనే చేయించాలనుకుంటున్నాం.

దానికి స్కార్ట్ సాకెట్ (ఆర్‌జీబీ తీసుకోగల వెడల్పాటి సాకెట్) ఉన్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఒకటి కావాలి. మీ ఇంట్లో ఉంటే పారేయకుండా బడికి తెచ్చివ్వండి.

కార్యదర్శి