కొత్తగా సూపర్‌వైజరైన నా స్నేహితుడికి

ఏరా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఐదుగురు కౌన్సెలింగ్ ట్రెయినీలను నీకు అప్పజెప్పారని, ట్రామా గురించి, అంటే మనసుకు తగిలిన లోతైన గాయాల గురించి, వాళ్లకు ఏం చెప్పాలో తోచట్లేదని రాశావు. చెప్పాల్సిందంతా పుస్తకాల్లో ఉందిరా. వాళ్లు నేర్చుకునేది మాత్రం నువ్వు వాళ్లతో ఎలా ఉంటున్నావో చూసి. నాకిది ఆలస్యంగా, అదీ ఓ పొరపాటు చేశాక తెలిసింది.

పాఠాలు చెప్పడం మొదలెట్టిన ఏడాది అది. క్లాసులో రోల్‌ప్లే పెట్టాను, ఒకరు క్లయింటుగా, ఒకరు కౌన్సెలర్‌గా నటించాలి. క్లయింటుగా కూర్చున్నతను ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లాడి కథ ఎత్తుకున్నాడు. బాగా చేశాడు కూడా. ఎదురుగా కౌన్సెలర్‌గా ఉన్న అమ్మాయి నాలుగైదు నిమిషాలకే ఆగిపోయింది. చూపు కిటికీ మీదుంది. చేయి మాత్రం పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, మళ్లీ తీస్తోంది. నేనేం చేశానో తెలుసా? ఇరవై మంది ముందు "ఇప్పుడు నీ లోపల ఏం జరుగుతోంది, చెప్పు" అన్నాను. ఏదో గొప్ప పాఠం నేర్పుతున్నాననుకున్నాను! "ఏం లేదు సార్" అని నవ్వింది. ఆ తర్వాత వారం రోజులు క్లాసుకు రాలేదు.

చిన్ననాటి చేదు అనుభవాల మీద ఫెలిట్టి, అండా 1998లో ప్రచురించిన అధ్యయనం మనమిద్దరం చదివిందే కదా. మామూలు హెల్త్ చెకప్‌కు వచ్చినవాళ్లను అడిగితే, సగం మందికి పైగా ఏదో ఒక అనుభవం ఉందన్నారు. అది క్లయింట్ల లెక్క అన్నట్టే చదివాను. నా ఎదురుగా బెంచీల్లో కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుందని తట్టనే లేదు.

ఆ అమ్మాయి తిరిగొచ్చాక క్షమించమని అడిగాను. ఆమె కథేమిటో అడగలేదు, ఇప్పటికీ నాకు తెలియదు. తను ఒక్క మాటే అంది: "కేసు ఏమిటో ముందే చెప్పి ఉంటే సిద్ధపడి వచ్చేదాన్ని సార్." అప్పటినుంచి ఏ కేసు చేయబోతున్నామో ముందురోజే చెబుతాను. ఎవరైనా ఈసారికి చూస్తూ కూర్చుంటామంటే కారణం అడగను. అలాగని ఏడాదంతా తప్పించుకోనివ్వకు. రేపు క్లయింటు అలాంటి కథ చెప్పేటప్పుడు వీళ్లు పక్కకు తప్పుకోలేరు కదా. ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో వాళ్లను ఎంచుకోనివ్వు, అంతవరకే.

ఇక ట్రెయినీ తన కేసు గురించి నీతో విడిగా కూర్చుని మాట్లాడే సూపర్‌విజన్. క్లయింటు గదిలో జరిగింది సూపర్‌వైజర్ గదిలోనూ జరుగుతుందని సెర్ల్స్ అనే సైకియాట్రిస్టు 1955లోనే రాశాడు. నాకు అనుభవమే. ఓ కుర్రాడు ఊపిరి తిప్పుకోకుండా తన క్లయింటు ఒకావిడ కేసు చెబుతుంటే నేనూ గబగబా సలహాలిచ్చేస్తున్నాను. మధ్యలో ఆగి "ఆమె నీతో ఇలాగే మాట్లాడుతుందా?" అన్నాను. తెల్లబోయాడు. ఆమె హడావిడి ఇతనికి, ఇతనిది నాకు అంటుకుంది. ఇద్దరం నిమిషం ఊరుకున్నాం. ఆ వారం నేను నేర్పింది అంతే.

మార్కులు వేసేది నువ్వే, అది మర్చిపోకు. ఏది రిపోర్టులోకి వెళ్తుందో, ఏది మీ ఇద్దరి మధ్యే ఉంటుందో మొదటి రోజే చెప్పెయ్. ఎంత చెప్పినా కొంత దాస్తారులే. లడానీ బృందం 1996లో ట్రెయినీలను అడిగితే, దాదాపు అందరూ సూపర్‌వైజర్ దగ్గర ఏదో ఒకటి దాచామన్నారు. వాటిలో ముందున్నది సూపర్‌వైజర్ మీద ఉన్న అయిష్టమేనట. నీ మీదా ఉంటుంది, కంగారుపడకు.

ఒక్క గీత మాత్రం దాటకు. నువ్వు వాళ్ల సూపర్‌వైజర్‌వి, థెరపిస్టువి కావు. "ఈ కేసు వింటే నీకేమవుతోంది, అది సెషన్‌లో ఎలా బయటపడుతోంది" అనేవరకే నీ పని. అంతకంటే లోతుకు వెళ్లాలంటే వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపు. వాళ్లేం మాట్లాడుకున్నారో ఆరా తీయకు.

ఇంకోటి. ఇతరుల గాయాలు వినీవినీ వినేవాడి లోకమే మారిపోతుందని మెకాన్, పెర్ల్‌మన్ 1990లో రాశారు. నిద్ర పట్టకపోవడం, ఎవర్నీ నమ్మబుద్ధి కాకపోవడం అలా మొదలయ్యేవే. మన దగ్గర దానికి మందేమిటంటే, దీర్ఘంగా ఊపిరి పీల్చుకోమని చెప్పి ఇంకో బరువైన కేసు చేతిలో పెట్టడం! నాకు ఒళ్లు మండేది అక్కడే. ముందు కేసులు తగ్గించమని పైవాళ్లతో పోట్లాడు. ఆ పోట్లాట వాళ్లు చేయలేరు, నువ్వు చేయగలవు.

మొదటి మీటింగు ఎలా జరిగిందో రాయి. అంతా బాగా జరిగిందని రాస్తే మాత్రం నమ్మను.

నీ
పాత బెంచీమేట్