పల్లెలో నిలిచే డాక్టర్లు కావాలంటే

సంపాదకులకు నమస్కారం.

మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వచ్చిన డాక్టర్లు ఏడాది తిరక్కుండానే పీజీ సీటనో, పిల్లల చదువనో వెళ్లిపోతుంటారు. జీతం పెంచితే ఉంటారంటారు కానీ నాకంత నమ్మకం లేదు.

మధ్యలో ఒక్కాయన మాత్రం నాలుగేళ్లున్నారు. పక్క మండలంలో జీడితోటల మధ్య పెరిగినాయన. "ఏటి మామ్మా, మందులేటి ఏసుకుంటన్నావు?" అంటూ ముసలమ్మల చేత కొంగుముడి విప్పించేవారు. అందులోంచి షాపులో కొన్న ఒళ్లునొప్పుల బిళ్లలు బయటపడేవి. అవి కిడ్నీలకు చేటని, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో పెరిగినవాడికి ఒకరు చెప్పాలా!

పల్లె నేపథ్యం ఉన్నవారికి వైద్యవిద్యలో చోటివ్వాలని, చదువుకునేటప్పుడే పల్లెల్లో శిక్షణ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. మన దగ్గరా ఎంబీబీఎస్ విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకోవాలి (అంటే వాళ్ల ఆరోగ్యం గమనిస్తూ ఉండాలి), ఇంటర్న్‌షిప్‌లో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌లో, అంటే జనం ఆరోగ్యం చూసే విభాగంలో పనిచేయాలి. కాగితం మీద బాగానే ఉంది. ఓసారి ఒక బ్యాచ్ మా ఊరొచ్చింది. బస్సు దిగారు, బీపీలు చూశారు, ఫొటో దిగారు, భోజనాల వేళకి వెళ్లిపోయారు. పాపం పిల్లల తప్పేముంది, తెచ్చినవాళ్లకే తొందర!

ఆ 12 వారాల్లో కొన్నాళ్లయినా వాళ్లను పీహెచ్‌సీ క్వార్టర్స్‌లోనే ఉంచండి. రాత్రి పూట పాము కరిచిందని ఎవరినైనా మోసుకొస్తే ఏం చేయాలో అక్కడే నేర్చుకుంటారు. ముందు ఆ క్వార్టర్స్ పైకప్పు బాగుచేయించాలి, దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

– ఒక రిటైర్డ్ టీచరు, మందస మండలం, శ్రీకాకుళం జిల్లా